సోమవారం దండెం

మా కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, ఒక సోమవారం పొద్దున బకెట్ నిండా తడి బట్టలు పట్టుకుని డాబా మెట్లెక్కబోతుంటే, "ఇయ్యాల ఆరెయ్యకు బిడ్డా, రేపు ఆరేద్దువు" అన్నాను. ఆ పిల్ల బకెట్ కింద పెట్టి, "ఏ దేవునికి మొక్కిండ్రు అత్తమ్మా?" అని భక్తిగా అడిగింది. సోమవారం కాబట్టి శివుడనుకుని ఉంటుంది. నేనేం చెప్పను? దేవుడు కాదమ్మా, దక్షిణ అమెరికాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు అంటే, అత్తకు మతి పోయిందని పుట్టింటికి ఫోన్ చెయ్యదూ? "మా ఇంటి ఆనవాయితీ" అని ఊరుకున్నాను. ఆ పిల్ల తడి బట్టలన్నీ స్నానాలగదిలో వేలాడదీసుకుంది.

ఆ ఆనవాయితీ పెట్టినాయన పోయి నెల దాటింది. ఆయన గురించి ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే నాకే తోచడం లేదు.

పెద్ద అంబర్‌పేట్‌లో ఇల్లు కట్టుకోక ముందు మేము దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్లం. పై వాటా మాది, కింది వాటా ఆయనది, డాబా ఇద్దరిదీ. మాది నల్గొండ పక్క పల్లె, వాళ్లది కాకినాడ. ఆయన కుర్రతనంలో సరుకు ఓడల్లో ఇంజన్ దగ్గర పనిచేశాడట. మా రోజులకు మోటార్ వైండింగ్ షాపు నడిపేవాడు. సందంతా ఆయన్ని ఓడాయన అనేది. నేను అన్నా అనేదాన్ని. పిల్లలు లేరు. వదిన ఎక్కువ మాట్లాడదు. మాట్లాడే పనంతా ఆయనకే అప్పజెప్పినట్టుండేది.

ఓడ దిగి ఎన్నేళ్లయినా ఆయన నడక దిగలేదు. కాళ్లు ఎడంగా పెట్టి, నేల ఎప్పుడు ఒరుగుతుందోనన్న అనుమానంతో నడిచేవాడు. బస్సులో సీటు దొరికినా కూర్చునేవాడు కాదు. చేతికి తాడు దొరికితే ముడి వెయ్యకుండా ఉండలేడు. గేటుకి ముడి, నీళ్ల పైపుకి ముడి, మా సిలిండరు వచ్చినప్పుడు దానికీ ఒక ముడి. ఆయన వేస్తే ఆయనే విప్పాలి. ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు గేటు ముడి విప్పలేక మా ఆయన గోడ దూకి డ్యూటీకి పోయాడు.

మేము చేరిన మొదటి సోమవారమే నాకూ ఆయనకూ పడింది. ఉతికిన దుప్పట్లు పట్టుకుని డాబా ఎక్కితే దండెం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే రంగు చొక్కాలు. ఎరుపు కాదు, తెలుపు కాదు, వెలిసిన గులాబీ. చివర గోల్ కాసేవాడి ఆకుపచ్చ చొక్కా ఒకటి. నాకు తిక్క రేగింది.

"అన్నా, ఇది దండెమా, మీ తాతల జాగీరా?"

ఆయన నొచ్చుకోలేదు. వేలు తడుపుకుని పైకెత్తి గాలి ఎటుందో చూసుకుంటున్నాడు. "సోమవారం ఒక్కరోజు వదిలెయ్యమ్మా చెల్లెమ్మా. మిగతా రోజులన్నీ నీవే. మా తువ్వాలు కూడా ఆరెయ్యను" అన్నాడు.

మెత్తగా అడిగితే నేను పోట్లాడలేను. అయినా ఏదో ఒకటి అనాలి కదా. "ఆరేసుడు గూడ రాదా అన్నా? తిరగేసి ఆరెయ్యాలె. గిట్ల ఎండకు పెడితే రంగంత పోతది" అన్నాను.

"పోవాలనే కదమ్మా!" అన్నాడు, మొహమంతా నవ్వుతో. ఎవరో ఒకరు అడుగుతారని ఎదురుచూస్తున్నాడని అప్పుడు అర్థమైంది. నా దుప్పట్లు నా చేతిలోనే ఉన్నాయి. ఆయన బండ మీద కూర్చుని మొదలుపెట్టాడు.

ఆయన ఓడ ఒకసారి దక్షిణ అమెరికాలో ఒక నది ఒడ్డు రేవులో చెడిపోయింది. ఆ ఊరి పేరు ఆయన చెబితే దగ్గినట్టుండేది. ఇంజన్ సామాను రావడానికి నెలలు పట్టింది. ఆ నెలలన్నీ ఆయన రేవు పక్కన బట్టలుతికే ఒక పెద్దావిడ ఇంట్లో, ఆవిడకు ఉతకడంలో సాయం చేస్తూ తిని పడుకున్నాడు. ఆ ఊళ్లో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు. రేవులో మూటలు మోసేవాళ్లూ, మాంసం కొట్లో పనిచేసేవాళ్లూ కలిసి పెట్టుకున్నది. మొదట్లో చౌకగా వచ్చిందని ఎర్ర గుడ్డ కొని చొక్కాలు కుట్టించుకుంటే, పెద్దావిడ అమ్మమ్మ వాటిని నదిలో ఉతికింది. రంగు కారింది. వారం వారం కారింది. ఏడాది తిరిగేసరికి జట్టు జట్టంతా గులాబీ. పక్క ఊరివాళ్లు ఆడంగులని గేలి చేశారు. వీళ్లకు రోషం వచ్చి, ఇక మా రంగు ఇదే అన్నారు. అప్పటినుంచీ ఎర్ర చొక్కా కొంటారు, వెలిసేదాకా ఉతుకుతారు, అప్పుడు గానీ వేసుకుని మైదానంలోకి దిగరు.

"ఎరుపు కొనుక్కోవచ్చమ్మా. గులాబీ మాత్రం ఉతుక్కోవాలి" అన్నాడు. ఈ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో! మా పప్పులో ఉప్పెక్కువైందని చెప్పబోయినా ఆ మాట దగ్గరికే వచ్చేవాడు.

ఆ క్లబ్బు నిజంగా ఉందా అని ఇప్పుడు మా అబ్బాయి ఫోన్లో వెతుకుతానంటాడు. వద్దన్నాను. ఉంటే నాకు ఒరిగేదేముంది, లేకపోతే పోయేదేముంది?

ఆ క్లబ్బును ఈయన దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్లీ పెట్టాడు. సందు సందుకీ క్రికెట్ బ్యాటు తప్ప వేరే ఆట ఎరగని చోట కాలేజీ కుర్రాళ్లను పోగేసి, కర్మన్‌ఘాట్ దగ్గర ఖాళీ ప్లాట్లలో ఆడించేవాడు. సగం మంది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల పిల్లలు, సగం మంది మా పక్క పిల్లలు. ప్రతి ఆటా ఓడిపోయేవాళ్లు. "ఓడాయన టీము ఓడక ఏం జేస్తది" అని సందులో ఒకటే ఎగతాళి. ఆయన మాత్రం ఓడిన రోజు కూడా, "అక్కడి వాళ్లు ఇంతకన్నా ఘోరంగా ఓడేరమ్మా" అని సంబరంగా చెప్పేవాడు. మనం ఎంత తేడాతో ఓడితే ఆ రోజు వాళ్లు అంతకంటే ఒక గోలు ఎక్కువతో ఓడేవాళ్లు.

ఆదివారం సాయంత్రం ఆట అయిపోయాక ఒక్కొక్కరూ డాబా ఎక్కి చొక్కా విప్పి బకెట్లో వేసి పోవాలి. సోమవారం పొద్దున ఆయనే ఉతకాలి. వదినను ముట్టుకోనిచ్చేవాడు కాదు. విడివిడిగా ఉతకడానికి వీల్లేదు, అన్నీ ఒకే నీళ్లలో తడవాలి, ఒకే ఎండలో ఆరాలి, అప్పుడే అన్నీ ఒక్క తీరుగా వెలుస్తాయి. ఒకడి చొక్కా ఎర్రగా మిగిలితే వాడు జట్టులో పరాయివాడిలా కనిపిస్తాడని ఆయన భయం.

మా తమ్ముడు అప్పుడు నా దగ్గరే ఉండి డిగ్రీ చదువుతున్నాడు. ముందు వరసలో ఆడేవాడు. జట్టు మొత్తానికి గోలంటూ ఎవరైనా కొడితే వాడే. వాడంటే ఆయనకు ప్రాణం. పొద్దున షాపుకి పోతూ మెట్ల కింద నిలబడి, "మోకాలెలా ఉందిరా?" అని కేకేసి గానీ కదిలేవాడు కాదు. వాడు పై నుంచి, "మంచిగుంది సార్" అనేవాడు. నొప్పి ఉన్నా అలాగే అనేవాడు.

అంతలో తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. మా సందులోనే గులాబీ కండువాలు, గులాబీ జెండాలు, ఆటోలకు గులాబీ రిబ్బన్లు. ఈయన దండెం మీద చూస్తే గులాబీ చొక్కాలు.

ముందు వచ్చింది కోచింగ్ సెంటరు నడిపే ఒక కోస్తా పెద్దమనిషి. కొడుకు జట్టులో ఉన్నాడు. గేటు బయటే నిలబడి, "ఏవండీ, మీరు మనవాళ్లయ్యుండి మన పిల్లలకి ఆ రంగు తొడుగుతారేంటండీ?" అని గొడవకు దిగాడు. ఓడాయన ఆయన్ని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, రేవు పట్నం, ఎర్ర గుడ్డ, పెద్దావిడ అమ్మమ్మ, నది, అన్నీ చెప్పాడు. ఆ వారమే మా పక్క ఆటో డ్రైవర్ ఒకాయన వచ్చి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఆంధ్రాయన అయినా మస్తు పనిజేసినవ్ సార్! పోరలకు మన రంగేసినవ్." ఆయనకూ టీ, ఆయనకూ నది. ఇద్దరూ ఒకే రకంగా గొణుక్కుంటూ వెళ్లారు. నేను మెట్ల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. అదే ఆ ఇంట్లో నేను నవ్విన ఆఖరు నవ్వనుకుంటాను.

ఒక ఆదివారం ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. మా తమ్ముడు పొద్దున్నే జట్టు చొక్కా వేసుకుని అక్కడికి పోయాడు. గోడల మీద నినాదాలు రాసే దోస్తు చేత వీపు మీద నల్ల రంగుతో 'జై తెలంగాణ' అని రాయించుకున్నాడు. అదే చొక్కాతో మధ్యాహ్నం ఆటకు పోయాడు. కోస్తా పిల్లలు ముగ్గురు నలుగురు, మా నాన్న చంపేస్తాడు అని దిగకుండా వెళ్లిపోయారు. ఆట జరగలేదు.

సాయంత్రం నేను డాబా మీద వడియాలు తీస్తున్నాను. వాడొచ్చి చొక్కా విప్పి బకెట్లో వేశాడు. ఓడాయన వంగి, దాన్ని రెండు వేళ్లతో బయటికి తీశాడు.

"దీని మీద ఏ రాతా ఉండకూడదురా. మనూరి పేరు కూడా రాసుకోలేదు మనం."

"రంగు మాదే సార్. రాత మాదైతే తప్పేంది?"

"రంగు మీది కాదు, మాదీ కాదు. నదిది."

"ఏ నది సార్? ఊకె నది, నది! మా రోడ్ల మీద ఏమైతుందో కనవడ్తలేదా మీకు?"

ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "రాసిన చొక్కా నా దండెం మీదికి రాదు" అన్నాడు. మా తమ్ముడు ఆయన చేతిలోంచి చొక్కా లాక్కుని, బనియన్ మీదే మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ రాత్రి దోస్తు గదిలో పడుకున్నాడు. ఆ వారంలోనే హాస్టల్‌కి మారిపోయాడు.

ఎవరిది తప్పని నన్నడిగితే ఏం చెప్పను? మా తమ్ముడు రాసుకున్న మాట నా మాట కూడా. నేను కూడా ఆ చౌరస్తాలో గంటె తిప్పినదాన్నే. కానీ బకెట్ ముందు అలాగే వంగి నిలబడిపోయిన ఆ మనిషిని ఒంటరిగా వదల్లేక, వడియాలు తీసేసిన గుడ్డనే మళ్లీ మళ్లీ దులిపాను.

మర్నాడు సోమవారం. ఆయన మామూలుగా ఉతికాడు. మామూలుగా వేలు తడిపి గాలి చూశాడు. చొక్కాలు ఆరేస్తూ మా తమ్ముడి చొక్కా ఉండే చోట జాగా వదిలి, అక్కడ దండేనికి రెండు క్లిప్పులు పెట్టాడు. తెలియక నేనొకసారి అక్కడ పిల్లాడి తువ్వాలు వేస్తే, మాట అనకుండా తీసి, మడిచి, మా గుమ్మంలో పెట్టి వెళ్లాడు.

ఆ రోజుల్లోనే నాకు క్లబ్బు కథలో ఇంకో ముక్క చెప్పాడు. తను అక్కడున్న నెలల్లోనే ఆ రేవు పట్నంలో ఎగువ వాడకూ దిగువ వాడకూ పడక, మా పాలన మాదేనని సగం ఊరు విడిపోయిందట. జట్టులో సగం మంది అలిగి చొక్కాలు పట్టుకుని పోయారట. పెద్దావిడ గుమ్మంలో నిలబడి, "పోతే పోండి గానీ, వారం వారం ఉతకండిరా! మీరు తిరిగొచ్చేసరికి మీ చొక్కాలూ మా చొక్కాలూ ఒకే రంగులో ఉండాలి" అని అరిచిందట.

"వచ్చిండ్రా అన్నా వాళ్లు?"

ఎప్పుడు ఏ కథ అడిగినా ఆయన దగ్గర ముగింపు సిద్ధంగా ఉండేది. ఓడిన పిల్లాడికి గెలిచిన కథ, మోకాలు విరిగిన వాడికి మళ్లీ పరుగెత్తిన కథ. ఆ పూట మాత్రం ఏదైనా కల్పించి చెప్పడానికి ఆయనకు మనసు రాలేదు. దండెం ముడిని ఊరికే ఒకసారి బిగించి, "మా ఓడ బాగైపోయిందమ్మా. నేను చూళ్లేదు" అన్నాడు.

తెలంగాణ వచ్చింది. మా సందులో పటాకులు కాల్చాం, మిఠాయి పంచాం. ఆయన గుమ్మంలోకే వచ్చి, నా చేతి లడ్డూ తీసుకుని తిని, "మంచిదమ్మా" అన్నాడు. వదిన తరఫు వాళ్లు కాకినాడ వచ్చెయ్యమని పోరుపెట్టారు. దండెం ఎక్కడ కడతానని ఆయన వెళ్లలేదు. జట్టు అప్పటికే చెల్లాచెదరైంది. ఆడే ప్లాట్లలో అపార్ట్‌మెంట్లు లేచాయి. ముందు రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేచాయి. ఎవరూ వేసుకోని చొక్కాలను ఆయన సోమవారం సోమవారం ఉతుకుతూనే ఉన్నాడు.

మేము ఇల్లు కట్టుకుని వచ్చేశాక కూడా దిల్‌సుఖ్‌నగర్‌లో పనుంటే వాళ్లింటికి పోయేదాన్ని. మంచినీళ్లు కూడా తాగనివ్వకుండా ఒకటే ప్రశ్న.

"చెల్లెమ్మా, వాడు చొక్కా ఉతుకుతున్నాడా?"

"వాని బట్టలు వాని పెండ్లాం ఉతుకుతది అన్నా. నాకేమెరుక?"

"పెళ్లాం ఉతికితే లెక్కలోకి రాదమ్మా. వాడే ఉతకాలి. చెప్పు వాడికి."

చెప్పేదాన్ని. తమ్ముడు సూర్యాపేట పక్కన బడిలో పంతులయ్యాడు. నేను ఫోన్లో, "సార్ అడుగుతుండు రా. ఒక్కసారి పోయి రారాదూ" అంటే, "ఆఁ" అని, "బావకు బీపీ ఎట్లుంది?" అనేవాడు. ఎన్నిసార్లు హైదరాబాదు వచ్చినా ఎల్బీ నగర్‌లో దిగి అటునుంచి అటే ఆటో ఎక్కేవాడు గానీ, దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చేవాడు కాదు. ఇంత రాయి ఎట్లా అయ్యావురా అని తిట్టుకునేదాన్ని. ఆఖరుసారి నేను చూసినప్పుడు ఆయన మంచం మీద ఉన్నాడు. మాట సరిగా రావడం లేదు. రెండు చేతుల్తో గాలిలో బట్ట పిండినట్టు చేసి చూపించి, నా వంక చూశాడు. నాకు ప్రశ్న అర్థమైంది.

ఒక గురువారం పోయాడు. తమ్ముడికి ఫోన్ చేస్తే విని పెట్టేశాడు. తీరా శ్మశానం దగ్గరికి వచ్చి, పాడె ఒక కొమ్ము పట్టి, అటునుంచి అటే వెళ్లిపోయాడు. సోమవారం పొద్దున మాత్రం మా గుమ్మంలో నిలబడి, "అక్కా, నడువ్. సార్ ఇంటికి పోదాం" అన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు.

మేము వెళ్లేసరికి కింద చుట్టాలు గోల పెడుతున్నారు. మైల ఉండగా డాబా మీద ఉతుకుళ్లేమిటని. ఎవరి మాటా వినకుండా వదిన చొక్కాలన్నీ తనే ఉతికి, అప్పుడే ఆరెయ్యడం ముగిస్తోంది. చొక్కాలు పల్చబడి, ఎండ అందులోంచి కనిపిస్తోంది. గులాబీ అని తెలిసినవాళ్లకే గులాబీ. మధ్యలో ఖాళీ జాగాలో రెండు క్లిప్పులు.

తమ్ముడు కవరులోంచి చొక్కా తీశాడు. వదిన అందుకుని, పక్క చొక్కాతో కలిపి ఎండకెత్తి పట్టుకుంది.

"ఇదేంటి బాబూ? మా వాటికన్నా నీదే ఎక్కువ వెలిసిపోయింది?"

నేనూ చూశాను. నిజమే. చొక్కా దాదాపు తెల్లబడింది, జల్లెడలా అయింది. వీపు మీద 'జై తెలంగాణ' మాత్రం నిన్న రాసినంత నల్లగా ఉంది.

"ఊకె ఉతికిన అమ్మా" అన్నాడు తమ్ముడు. "వారానికొక్కసారి గాదు. ఎప్పుడు యాదికొస్తె అప్పుడే. రాసినందుకు నాకేం రంది లేదు. ఇప్పుడైనా రాసుకుంట. కని, రాసిన చొక్కా దండెం మీదికి రాదన్నడు గద సార్. రాత పోయినంక తెచ్చి బకెట్ల ఏద్దామనుకున్న. బట్టంత పోయింది గని రాత పోలే."

వదిన నమ్మలేనట్టు చూసింది. "అంత మాటన్నారా ఆయన? అన్నట్టు ఆయనకే గుర్తు లేదు నాయనా. నీకెందుకు కోపమొచ్చిందో తెలీదనేవారు. ఉతికినా ఉతక్కపోయినా, ఎలా ఉన్నదాన్ని అలాగే పట్టుకు రమ్మని చెబితే బాగుండేదని, మొన్న బుధవారం కూడా మాట కూడగట్టుకుని అన్నారు."

తమ్ముడు బండ మీద కూలబడి, మొహం మోకాళ్లలో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. ఒకడు నోరుజారిన మాటను పట్టుకుని ఏళ్ల తరబడి ఉతుకుతూ కూర్చున్నాడు. ఇంకొకాయన ఆ మాటే మరిచిపోయి ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. మధ్యన సూర్యాపేట బస్సు రోజంతా తిరుగుతూనే ఉంది.

వదిన వాడి చొక్కాను బకెట్‌లో మిగిలిన నీళ్లలో ఒకసారి ముంచి, పిండి, దులిపింది. వేలు తడుపుకుని గాలి ఎటుందో చూసుకుంది. ఖాళీలో ఉన్న రెండు క్లిప్పులూ తీసి, చొక్కా తిరగెయ్యకుండా, రాత వీధిలోకి కనపడేలా ఆరేసింది.